ఘాట్ ఎక్కుతూ ఆగిన కారు

బదిలీ ఉత్తర్వులు వచ్చిన వారానికే సామాను లారీ ఎక్కింది. మేము నాన్నగారి పాత కారులో హైదరాబాదు నుంచి నాగపూరు బయలుదేరాం. మే నెల మధ్యాహ్నం. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే బండి రెండు కుదుపులు ఇచ్చి ఆగిపోయింది. నాన్నగారు సెల్ఫ్ కొడుతూనే ఉన్నారు. ఇంజను తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. కాసేపటికి బ్యాటరీ నీరసపడింది.

వేడిమీద ఇలా ఆగిన పాత ఇంజనులో ముందుగా రెండు అనుమానాలు: పెట్రోలు అందడం లేదా? నిప్పురవ్వ పుట్టడం లేదా?

అంబాసిడర్, పద్మిని వంటి పాత కార్బొరేటర్ కార్లలో పెట్రోలు పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది. వెనక ట్యాంకులోని పెట్రోలును గొట్టం గుండా పీల్చుకుంటుంది. పీల్చేటప్పుడు గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో ఒత్తిడి పెరగడం వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటితే గాని మరగవు కదా, ఇక్కడ దానికి తలకిందులు. పైగా పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే ఆవిరి కాసాగుతాయి. ఘాట్ మీద బండి చిన్న గేరులో మెల్లగా పోతుంది, ఎదురుగాలి చాలదు, ఇంజను కాగిపోతుంది. పంపులో ఆవిరి చేరుతుంది. పంపు నొక్కినప్పుడు ఆ ఆవిరి నలుగుతుంది, వదిలితే ఉబ్బుతుంది, ముందుకు మాత్రం కదలదు. రోడ్డు మీద దీన్ని ఎయిర్ లాక్ అనేస్తారు గాని అది గాలి కాదు, పెట్రోలు ఆవిరే. ఇప్పటి కార్లలో పంపు ట్యాంకులోనే ఉండి పెట్రోలును ఒత్తిడితో నెడుతుంది కనుక ఈ బాధ అరుదు.

రెండో అనుమానం ఇగ్నిషన్ కాయిల్ మీద. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను వేల వోల్టులు చేసి ప్లగ్గులకు పంపేది అదే. పాతబడిన కాయిల్ వేడెక్కితే రవ్వ ఆగిపోవచ్చు, చల్లబడితే మళ్లీ రావచ్చు. తిరకాసు ఇక్కడే ఉంది. అరగంట ఆగితే రెండు జబ్బులూ వాటంతటవే తగ్గుతాయి. బండి స్టార్టయ్యాక తప్పు ఎవరిదో తేలదు. అందుకే ఆగి ఉండగానే చూడాలి.

మా కోసం ఆగిన లారీ డ్రైవరుగారు ముందు సెల్ఫ్ కొట్టడం మానిపించారు. ఎయిర్ ఫిల్టర్ తీసి, యాక్సిలరేటర్ లాగుతూ కార్బొరేటర్‌లోకి చూశారు. పెట్రోలు చిమ్మి ఉంటే కాయిల్‌ను చూసేవారట. చుక్క రాలేదు. (వేడి ఇంజను దగ్గర పెట్రోలుతో పని పెద్దవాళ్లకే వదలాలి.) మా నీళ్ల సీసా వంపి, తడిగుడ్డ పంపుకు చుట్టారు. తాగే నీళ్లు పోయాయని చెల్లి ఏడుపు.

ఇరవై నిమిషాల తరవాత బ్యాటరీలో మిగిలిన కాస్త ఓపికతో ఇంజను అందుకుంది. ఆదిలాబాదు చేరేలోగా ఆ గుడ్డను మరో మూడుసార్లు తడిపాం.