కెమెరా చదువు మన పిల్లలకు తగనిదా?

మొన్న జుమా నమాజు ముగిశాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక తండ్రి మమ్మల్ని ఆపారు. ఎల్బీ నగర్‌లో ఆయనకు చిన్న దుకాణం ఉంది.

"మౌల్వీ సాబ్, మా బిడ్డ డిగ్రీ పూర్తి చేసింది. సినిమా, టీవీ గురించి యూనివర్సిటీలో చదువుతానంటోంది. నలుగురూ ఏమంటారో?" అన్నారు.

మాకు వెంటనే నోరు పెగల్లేదు. ఏళ్ల క్రితం ఇదే మాట అడిగిన ఒక శిష్యుణ్ణి మేమే వారించాం. "అది మన చదువు కాదు బేటా" అన్నాం. అతడు ఇష్టంలేని కోర్సులో చేరి మధ్యలోనే మానేశాడు. ఆ తప్పు మాదే.

దిల్‌సుఖ్‌నగర్ వీధుల్లో కోచింగ్ సెంటర్ల బోర్డులకు లెక్కలేదు. ఈ చదువు సంగతి చెప్పేవారే తక్కువ. సినిమా చదువంటే నటన ఒక్కటే కాదు. రచన, ఛాయాగ్రహణం, శబ్దగ్రహణం, ఎడిటింగ్ అన్నీ అందులోవే. వార్తలు, డాక్యుమెంటరీలు, పిల్లల పాఠాలు చిత్రీకరించడానికీ ఈ విద్యలే కావాలి.

ఇది మనకు పరాయి విద్య కూడా కాదు. బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్ వెయ్యేళ్ల క్రితమే చీకటి గదిలోకి సన్నని రంధ్రం గుండా వచ్చే వెలుగును పరిశీలించారు. కెమెరా పనిచేసేది ఆ సూత్రం మీదనే.

ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియాలో అన్వర్ జమాల్ కిద్వాయి 1982లోనే మాస్ కమ్యూనికేషన్ కేంద్రాన్ని స్థాపించారు. మన పిల్లలు అంత దూరం పోనక్కరలేదు. గచ్చిబౌలిలో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్‌ను ఉర్దూ మాధ్యమంలోనే బోధిస్తారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ కమ్యూనికేషన్ శాఖ ఉంది. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగితే గచ్చిబౌలి దగ్గరే. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు నేర్చిన పిల్లలకు రెండు భాషల్లోనూ పని చేయగల సత్తా ఉంటుంది.

ఆ తండ్రి భయం అర్థం లేనిది కాదు. తెరపై అసభ్యత ఉన్నమాట నిజమే. అయితే మన ఇళ్ల గురించి, మన వీధుల గురించి ఎవరో తీసింది చూసి నొచ్చుకుంటాం. "మేమిలా ఉండం" అంటాం. మనం ఎలా ఉంటామో చూపించే విద్య మన పిల్లలు నేర్వకపోతే ఇంకెవరు చూపిస్తారు?

అందుకే ఆయనతో ఇలా అన్నాం: "భాయ్, నలుగురి మాట తర్వాత. ముందు బిడ్డను వెంటబెట్టుకుని వెళ్లండి. అక్కడి అధ్యాపకులతో మాట్లాడండి. ఏం నేర్పుతారో, ఫీజు ఎంతో, హాస్టల్ ఎలా ఉందో మీరే చూడండి. హద్దులు తెలిసిన బిడ్డ చేతిలో కెమెరా కూడా కలం లాంటిదే."