తిరుగుబాటు కవులు – పాతబస్తీ – తెలుగు ముస్లిం పాఠకుడు

దివ్య ఖుర్‌ఆన్‌లో 26వ సూరాకు 'అష్‌షుఅరా' అని పేరు. కవులు అని దాని అర్థం. 227 ఆయతులు గల ఈ సూరాలో కవుల ప్రస్తావన చివరి నాలుగు ఆయతులలో మాత్రమే వస్తుంది. దారి తప్పినవారు కవుల వెంట నడుస్తారనీ, కవులు ప్రతి లోయలోనూ తిరుగాడుతుంటారనీ, తాము చేయనిది చెబుతారనీ అందులో ఉంది. మన సభలలో కవిత్వం మాట వచ్చినప్పుడు సాధారణంగా వినిపించేది ఇంతవరకే. కాని ఆఖరి ఆయతు మినహాయింపుతో మొదలవుతుంది. విశ్వసించి, సత్కార్యాలు చేసి, అల్లాహ్‌ను అధికంగా స్మరిస్తూ, తమకు అన్యాయం జరిగిన పిమ్మట ఆత్మరక్షణ చేసుకున్నవారు ఆ కోవలో చేరరు. హజ్రత్ హస్సాన్ బిన్ సాబిత్ (ర) కవిత్వం చెప్పడానికి దైవప్రవక్త (స) మస్జిదులోనే మింబర్ వేయించిన సంగతి హదీసు గ్రంథాలలో ప్రసిద్ధం. అంతవరకు తనను నిందిస్తూ కవిత్వం చెప్పిన కఅబ్ బిన్ జుహైర్ పశ్చాత్తాపంతో వచ్చి కవిత వినిపించగా, ప్రవక్త (స) తమ పై వస్త్రాన్ని అతనికి బహూకరించారని సీరా గ్రంథాలు తెలుపుతున్నాయి.

సగం వాక్యాన్ని పట్టుకుని తీర్పు చెప్పే అలవాటు వల్ల హైదరాబాదు మట్టిలో పుట్టిన తిరుగుబాటు కవిత్వం తెలుగు చదివే ముస్లిములకు దూరంగానే ఉండిపోయింది. అది ఏమిటో, ఎందుకు పుట్టిందో తెలుసుకున్న తరువాత అంగీకరించినా, నిరాకరించినా అందులో న్యాయం ఉంటుంది.

1965 మే నెలలో ఒక అర్ధరాత్రి హైదరాబాదులో నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుని చేతుల మీదుగా ఒక కవితా సంపుటి వెలువడింది. మంత్రులు, పండితులు పుస్తకాలు ఆవిష్కరించే కాలంలో ఇది విడ్డూరం. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అనే ఆరుగురు తమను దిగంబర కవులమని ప్రకటించుకున్నారు. ఇవి తల్లిదండ్రులు పెట్టిన పేర్లు కావు. కులం, ఇంటిపేరు, వంశ గౌరవం అన్నీ వదిలి ఎన్నుకున్నవి. తమ శకానికీ, ఋతువులకూ, వారాలకూ కూడా వారు కొత్త పేర్లు పెట్టుకున్నారు. 1966లో రెండవ సంపుటిని విజయవాడలో ఒక హోటలు కార్మికుడూ, 1968లో మూడవ దానిని విశాఖపట్నంలో ఒక బిచ్చగత్తె ఆవిష్కరించారు.

ముస్లిం పాఠకునికి ఈ పేరే మొదటి అభ్యంతరం. సిగ్గు (హయా) విశ్వాసంలో భాగమని నేర్చినవాడికి నగ్నత్వాన్ని జెండాగా ఎత్తుకోవడం ఎలా నచ్చుతుంది? ఆ కవులు ఉద్దేశించినది శరీరం కాదు. దిక్కులే వస్త్రంగా గలవాడు దిగంబరుడు. కపటాన్ని విప్పి పారవేయాలన్నదే వారి భావం. యుద్ధాలు, తిండిగింజల కొరత, నిరుద్యోగం ముసిరిన ఆ దశకంలో పెద్దమనుషుల తీపి మాటలు యువకులకు చేదుగా తోచాయి. అమెరికాలో ఆలెన్ గిన్స్‌బర్గ్ మొదలైన బీట్ కవులు, కలకత్తాలో 1961 నుంచి 'హంగ్రీ' తరం కవులు ఇటువంటి కోపాన్నే వెళ్ళగక్కారు. అశ్లీలమన్న ఆరోపణపై మలయ్ రాయ్ చౌధురి 1964లో అరెస్టయ్యాడు. తెలుగువారి మూడు సంపుటాలలోనూ బూతు ఉంది, కేకలు ఉన్నాయి. ఈనాడు చదివితే వాటిలో కొంత భాగం శబ్దంగానే మిగిలిందని చెప్పక తప్పదు. అయితే ఆ కోపం ఉత్తుత్తిది కాదు. వారిలో ఎక్కువమంది 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘంలో చేరారు. మరుసటి ఏడు నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు ముందస్తు నిర్బంధ చట్టం కింద జైలుపాలయ్యారు.

ఇదంతా జరుగుతున్నప్పుడు మూసీకి దక్షిణాన ఉన్న పాతబస్తీ మరో లిపిలో కవిత్వం రాసుకుంటూ ఉంది. ముషాయిరా, తఖల్లుస్, ఉస్తాదు చేత 'ఇస్లాహ్' చేయించుకోవడం, ఇవి అక్కడి కవి జీవితం. ఛత్తా బజారులో కాతిబులు ఉర్దూ పుటలను కలంతో చేతివ్రాతగా తీర్చి ఇస్తే, అవి రాతి అచ్చుకు వెళ్ళేవి. తెలుగు పుస్తకం సీసపు అక్షరాల కేసుల నుంచి వచ్చేది. ఒకే నగరంలో రెండు సాహిత్యాలు అచ్చాఫీసు గుమ్మం వద్దనే విడిపోయాయనడం అతిశయోక్తి కాదు.

ఈ రెంటికీ మధ్య నిలిచినవారు మఖ్దూం మొహియుద్దీన్ (1908–1969). మెదక్ జిల్లా అందోలులో పుట్టి, చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని, మస్జిదు ఊడ్చిన పిల్లవాడు ఆయన. మూసీ ఒడ్డునున్న సిటీ కాలేజీలో కొంతకాలం బోధించి, ఆ ఉద్యోగం వదిలి కార్మిక సంఘాలలోకి, కమ్యూనిస్టు పార్టీలోకి, జైలుకు, అజ్ఞాతానికి వెళ్ళారు. అదే చేతితో సున్నితమైన గజళ్ళూ రాశారు. 'బిసాతె రఖ్స్' సంపుటికి 1969లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్లో ఒక టీ ముందు పెట్టుకుని గంటల తరబడి సాగిన ఆయన గోష్ఠుల కథలు పాత తరం చాలాకాలం చెప్పుకుంది. ఆ హోటలు ఇప్పుడు లేదు. ఆయన రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా నాంపల్లి షా ఖామోష్ దర్గా ఆవరణలో ఉన్న ఆయన సమాధి వద్ద ఆగుతారు.

దిగంబర కవులలో ముస్లిం లేడు. ముస్లిములు తెలుగులో రాయకపోలేదు. పిఠాపురం ఉమర్ అలీషా వంటివారు పద్యకావ్యాలే రచించారు. కాని ముస్లిం ఇంటి లోపలి గొంతు కోపంతో, కన్నీటితో తెలుగులో గట్టిగా వినబడటానికి మరో పాతికేళ్ళు పట్టింది. 1990 డిసెంబరులో పాతబస్తీ మారణకాండ చూసింది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ దీర్ఘ కవిత 'పుట్టుమచ్చ' వచ్చింది. ఈ దేశంలో పుట్టినవాడు తన దేశభక్తిని ప్రతిరోజూ రుజువు చేసుకోవలసి రావడమే దాని వస్తువు. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా' సంకలనం వెలువడింది. భూకంపం అని దాని అర్థం. అమ్మీ, అబ్బా, దస్తర్‌ఖాన్ అనే మాటలు అర్థవివరణ పట్టిక అవసరం లేకుండా తెలుగు కవితలోకి నడిచి వచ్చాయి. ఇళ్ళలో పలికే మాటే కవిత్వమైంది. పద్యం రాయాలంటే ఇంటి భాషను గుమ్మం బయట విడిచి రావాలన్న నియమం అక్కడితో పోయింది.

ఈ కవులు వేలెత్తి చూపినది బయటివారిని మాత్రమే కాదు. షాజహానా 'నఖాబ్' (2005) ముస్లిం స్త్రీ పక్షాన మన ఇళ్ళనే ప్రశ్నించింది. ఇంటిగుట్టు రచ్చకెక్కిందని నొచ్చుకున్నవారు ఉన్నారు. షరీఅత్‌ను తప్పుగా చిత్రించినచోట పండితులు సమాధానం చెప్పవలసిందే. అయితే మన దురాచారాన్ని తప్పుబట్టినదానినీ, ధర్మాన్ని తప్పుబట్టినదానినీ ఒకే గాటన కట్టడం పొరపాటు. వరకట్నం షరీఅత్‌లో ఉన్నదా?

ఇక్కడ ఒక వింత ఉంది. ఈ తెలుగు ముస్లిం కవులలో అనేకులు నల్లగొండ వంటి జిల్లాల నుంచి, తెలుగు బడులలో చదివి వచ్చినవారు. చార్మినార్ నీడన ఉర్దూ చదివినవారిలో చాలామందికి 'జల్‌జలా' చదవడం రాదు. ఆ కవుల పిల్లలలో చాలామందికి మఖ్దూంను ఆయన లిపిలో చదవడం రాదు. గాలిబ్‌ను తెలుగు లిపిలో వారి చేతికి అందించినవాడు, నిజాం జైలులో మగ్గిన దాశరథి కృష్ణమాచార్య. ఆయన 'గాలిబ్ గీతాలు' 1961లో వచ్చింది.