బడి గేటు దగ్గర ఎవరి మాట చెల్లుతుంది?

ఫీజుల మీద గొంతెత్తే తల్లిదండ్రులు ఎక్కువే. ఉచిత సీటులో చేరిన పిల్ల తరఫున అడిగేవారే కరవు.

బిలాస్‌పూర్‌లో అర్పా నది దాటి సీపత్ రోడ్డు వైపు వెళితే రాజ్‌కిశోర్ నగర్ వస్తుంది. రైల్వే జోన్ కేంద్రం, ఎస్ఈసీఎల్ ప్రధాన కార్యాలయం, రాష్ట్ర హైకోర్టు అన్నీ ఉన్న ఊళ్లో ఇలాంటి కాలనీ అంటే ఉద్యోగుల ఇళ్లు, వాటిలో పనిచేసేవారి ఇళ్లు పక్కపక్కనే ఉంటాయి. రెండు రకాల ఇళ్ల పిల్లలూ బడికి వెళ్లేవారే. బడితో పేచీ వస్తే మాత్రం ఇద్దరి దారీ ఒకటి కాదు. గుమాస్తా గారు నిబంధన ఉటంకిస్తూ ఇంగ్లిష్‌లో లేఖ రాస్తారు, రసీదు అడిగి తీసుకుంటారు. అంట్లు తోమే తల్లి ఒక పూట పని మానుకుని గేటు దగ్గర నిలబడుతుంది. రేపు రమ్మంటే ఇంకో పూట కూలి పోయినట్టే.

ఈ తేడా చెరిపేయడానికే అన్నట్టు 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల, అణగారిన వర్గాల పిల్లలకివ్వాలి. కేంద్ర చట్టం హామీ 14 ఏళ్ల వయసు వరకే. ఛత్తీస్‌గఢ్ 2019లో దాన్ని 12వ తరగతి దాకా పొడిగించింది. ఎనిమిదో తరగతి తర్వాత పిల్లను ఏ బడిలో వేయాలన్న దిగులు అంతటితో తీరింది. చిన్న విషయమేమీ కాదు.

అసలు చిక్కు సీటు వచ్చాక మొదలవుతుంది. ఇదే చట్టం ప్రతి బడికీ యాజమాన్య కమిటీ ఉండాలంటుంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు కావాలి, బలహీన వర్గాలకు దామాషా ప్రకారం చోటివ్వాలి. వినడానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ సర్కారు సాయం తీసుకోని ప్రైవేటు బడులకు ఆ నిబంధన వర్తించదు. అంటే ఉచిత సీటు దొరికిన పిల్ల తల్లికి, ఆ పిల్ల చదివే చోట కమిటీలో కుర్చీ లేదు. కుర్చీ ఉన్నది ఆమె వదిలి వచ్చిన ప్రభుత్వ బడిలో.

ఫీజుల పోరు వేరు. అక్కడ అందరూ ఒక్కటవుతారు. 2020లో కరోనా వేళ బడులు మూతపడ్డాక ఫీజుల వివాదం హైకోర్టు గుమ్మమెక్కింది. అదే ఏడాది రాష్ట్రం ఫీజుల నియంత్రణ చట్టం తెచ్చింది. బడి స్థాయి కమిటీలో తల్లిదండ్రులకు చోటిచ్చి, ఆ కమిటీ ఏటా 8 శాతానికి మించి పెంచకూడదంది. లాభం ఫీజు కట్టేవారికి. కట్టనివారి పిల్లల ఇబ్బందులు దాని పరిధిలోకి రావు. యూనిఫాం, పుస్తకాలు, తరగతిలో వెనకబెంచీ, ఇంట్లో ఛత్తీస్‌గఢీ మాట్లాడే పిల్ల ఇంగ్లిష్ మీడియంలో నోరు మెదపకపోవడం ఇవన్నీ ఎవరికి చెప్పుకోవాలి? ఛత్తీస్‌గఢీని 2007లో రాష్ట్రం అధికార భాషల్లో చేర్చుకుంది గానీ, ఇలాంటి తరగతి గదిలో దానికి పని లేదు.

భాష సంగతి తెలుగువారికి కొత్త కాదు. 1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వెంట ఉత్తరాంధ్ర నుంచి బయల్దేరిన కుటుంబాలు ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ వంటి రైల్వే ఊళ్లలో స్థిరపడ్డాయి. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణం 1956 నుంచీ అంటోంది. తరగతిలో పది మంది, లేదా బడి మొత్తమ్మీద నలభై మంది ఉంటే పంతులును ఇవ్వాలన్న లెక్క ఇంకా ముందుదే, 1949 నాటిది. ఖరగ్‌పూర్ తెలుగువారు సంఖ్యాబలంతో గట్టిగా అడిగారు. పశ్చిమ బెంగాల్ 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది.

రైల్వే కుటుంబాలకు అడగడం తెలియక కాదు. యూనియన్లలో పెరిగిన మనుషులు, పై అధికారికి విజ్ఞప్తి ఎలా రాయాలో తాతల నాడే నేర్చుకున్నారు. అయినా తెలుగు కావాలని అడగడానికి చాలామంది తల్లిదండ్రులు వెనకాడతారు. పిల్లవాడికి హిందీ, ఇంగ్లిష్ వస్తే చాలన్నది లెక్క. తెలుగు ఇంటి దాకానే. ఆ లెక్క తప్పనడానికి ఉద్యోగాల మార్కెట్ అవకాశమివ్వదు. కానీ పది మంది కలిసి అడిగితే ఇవ్వాల్సినదాన్ని తొమ్మిదేళ్ల మనవడికి తాత ఒక్కడే సాయంత్రాలు నేర్పుకోవాల్సి వస్తోంది.

పనిమనిషికి ఆ తాతైనా లేడు. ఆమెకున్న దారి విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్. స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, ఇరు పక్షాల మాటా విని మూడు నెలల్లో తేల్చాలి. నచ్చకపోతే బాలల హక్కుల రాష్ట్ర కమిషన్‌కు వెళ్లొచ్చు. మూడు నెలలంటే బడి ఏడాదిలో దాదాపు మూడో వంతు. పైగా ‘రాతపూర్వకంగా’ అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోతుంది. రాసిపెట్టమని అడగాలంటే ఆమెకు తెలిసిన చదువుకున్న మనిషి తాను పనిచేసే ఇంటి అమ్మగారే. ఆ అమ్మగారి అబ్బాయి కూడా అదే బడిలో, బహుశా అదే తరగతిలో చదువుతుంటాడు.