పట్టు తెలిసిన పంపు

కాన్పయిన మూడో రోజో నాలుగో రోజో బాలింత రొమ్ములు బిగుసుకుపోతాయి. బిడ్డను దగ్గరికి తీసుకోవాలంటేనే భయం. నోరు పెట్టగానే తల్లి పళ్లు బిగబట్టి ఓర్చుకుంటుంది. చనుమొన చిట్లుతుంది. బిడ్డ రెండు గుక్కలు చప్పరించి, వదిలేసి ఏడుపు లంకించుకుంటుంది. "దీనికి పాలు పడలేదమ్మా" అని పెద్దలు తేల్చేస్తారు. ఒకరు చక్కెర నీళ్లంటారు, ఒకరు తేనె అంటారు, ఉగ్గుగిన్నెడు గాడిదపాలు పోయమనేవాళ్లూ ఉంటారు. నంద్యాలలో అయినా ఆళ్లగడ్డలో అయినా మందుల షాపుకు పరుగెత్తిన భర్త పాలడబ్బాతోనో, రబ్బరు బుడ్డి తగిలించిన పంపుతోనో తిరిగొస్తాడు.

ఆ పంపుకు నూట డెబ్భై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. దాన్ని తీర్చిదిద్దినవాళ్లలో ఒక చదరంగం ఆటగాడు, ఒక స్వీడన్ ఇంజనీరు ఉన్నారు. మన రాయలసీమకు దగ్గరలోని దావణగెరె పిల్లల డాక్టర్లు దానికో చవకైన తమ్ముణ్ణి కనిపెట్టారు. మొదట్లో అందరూ వేసుకున్న ప్రశ్న ఒకటే: పాలు రావాలంటే ఎంత గట్టిగా లాగాలి? ఆ ప్రశ్నలోనే పొరపాటుందని తేలడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

చదరంగం మాస్టరు మోటారు

పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల యూరప్‌లో డాక్టర్ల పెట్టెల్లో గాజు గరాటా, ఇత్తడి పిచికారీ కలిపిన పంపులుండేవి. పాలు దాచిపెట్టడం వాటి పని కాదు. గడ్డకట్టిన రొమ్మును తేలిక చేయడానికి, లోపలికి పోయిన చనుమొనను బయటికి లాగడానికి వాడేవారు. అమెరికాలో ఇలాంటి పంపుకు మొదటి పేటెంటు 1854 జూన్ 20న ఆర్వెల్ నీడమ్‌కు దక్కింది.

దానికి మోటారు తగిలించడంలో పేరు తెచ్చుకున్నవాడు ఎడ్వర్డ్ లాస్కర్. 1885లో పుట్టిన ఈ జర్మన్ ఇంజనీరు అమెరికాలో స్థిరపడ్డాడు. చదరంగం మీద ఆయన రాసిన పుస్తకాలు ఇప్పటికీ చదువుతున్నారు. 1923లో అమెరికా ఛాంపియన్ ఫ్రాంక్ మార్షల్‌తో తలపడి స్వల్ప తేడాతో ఓడిపోయాడు. ఆ రోజుల్లోనే రూపొందించిన కరెంటు పాలపంపుకు 1927లో పేటెంటు అందుకున్నాడు. నెలలు నిండకుండా పుట్టి, చప్పరించే సత్తువ లేని బిడ్డలకు తల్లిపాలు చేర్చడానికి ఆసుపత్రులకు ఇలాంటి యంత్రం అవసరమైంది. అప్పటి పంపులు లాగి వదలడం నేర్చాయిగానీ ఎంత లాగాలో, ఎంతసేపు ఆగాలో నేర్వలేదు. తల్లులకు నొప్పి తప్పలేదు.

చేపు రాకపోతే చుక్క రాదు

నంద్యాల విజయ డెయిరీకి పాలు పోసే రైతుకు ఒక సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ముందు దూడను వదలాలి. అది నాలుగు గుక్కలు తాగితే ఆవు చేపుతుంది, అప్పుడు పితికితే పాలు దిగుతాయి. మనుషుల్లోనూ జరిగేది ఇదే. రొమ్ములోని సన్నని పాలతిత్తుల చుట్టూ కండర కణాలుంటాయి. బిడ్డ చప్పరింపు తగలగానే తల్లి మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. అది అందగానే కండర కణాలు బిగుసుకుని పాలను చనుమొన వైపు నెడతాయి. బిడ్డ ఏడుపు వినబడినా, బిడ్డ గుర్తొచ్చినా కొందరు తల్లులకు రవిక తడిసిపోయేది అందుకే.

పంపు చేసేది గరాటాలో గాలి ఒత్తిడి తగ్గించడం మాత్రమే. లోపలి నుంచి నెట్టే పని తల్లి శరీరానిది. నొప్పి, భయం, అవమానం ఉన్నచోట ఆక్సిటోసిన్ వెనకాడుతుంది. చేపు రాకపోతే బిడ్డ ఇంకా గట్టిగా లాగుతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది, చేపు ఇంకా ఆలస్యమవుతుంది. "పాలు పడలేదు" అని మనవాళ్లు తీర్పు చెప్పే ఇళ్లలో చాలాసార్లు నడిచేది ఈ విషవలయమే.

ఆవుల యంత్రాలు ఈ పాఠం ముందే నేర్చుకున్నాయి. ఎడతెగకుండా లాగితే పొదుగు దెబ్బతింటుందని గ్రహించి, పంతొమ్మిదో శతాబ్దం చివరికే లాగి వదిలే పల్సేటర్లు తయారుచేశారు. తల్లుల పంపులో అదే లయను లెక్కకట్టినవాడు స్వీడన్ ఇంజనీరు ఐనార్ ఎగ్నెల్. లాగడం, వదలడం, కాసేపు ఆగడం అనే వరసను ఆయన స్థిరపరిచాడు. పీడనం వాతావరణం కంటే 200 మి.మీ. పాదరసానికి మించి తగ్గకూడదని హద్దు పెట్టి, తన పరిశీలనలను 1956లో ప్రచురించాడు. మన బీపీ కొలిచేదీ ఈ కొలమానంలోనే. ఆయనతో కలిసి పనిచేసిన మాయా కిండ్‌బర్గ్ అనే నర్సు పేరునే ఆ పంపుకు పెట్టారు: సిస్టర్ మాయా పంపు.

అసలు గురువు బిడ్డ నోరు. 2008లో ఆస్ట్రేలియా పరిశోధకురాలు డోనా గెడ్డిస్ బృందం పాలు తాగుతున్న పసికందుల నోటిని అల్ట్రాసౌండ్‌తో చూస్తూ, లోపలి పీడనం కొలిచింది. నాలుక కిందికి దిగినప్పుడు పీడనం సగటున 145 మి.మీ. తగ్గింది, పాలు పారింది కూడా అప్పుడే. నాలుక పైకి లేచినప్పుడు కూడా సగటున 64 మి.మీ. మేర తగ్గుదల అలాగే నిలిచి ఉంది. అంటే బిడ్డ పెద్ద గుంజుతో పాలు తాగుతూ, చిన్న గుంజుతో రొమ్మును నోట్లో కదలకుండా పట్టి ఉంచుతుంది.

ఆ పట్టు లోతుగా ఉంటే చనుమొన నోటి వెనక, మెత్తని అంగిలి దగ్గరికి చేరుతుంది. అక్కడ దానికి ఒరిపిడి లేదు. బిడ్డ మొన చివరను మాత్రమే పట్టుకుంటే అది నాలుకకూ గట్టి అంగిలికీ మధ్య నలిగి, వదిలినప్పుడు ఒక పక్కకు అణిగి కనిపిస్తుంది. ఎక్కువ నొప్పికి మూలం అదే. పంపుకూ ఇదే సూత్రం. గరాటా కొలత చనుమొనకు సరిపోకపోతే, ఎంత ఖరీదైన మోటారైనా ఆ నలుగుడునే తెస్తుంది.

దావణగెరె సిరంజి

అనంతపురం, చిత్రదుర్గం దాటితే దావణగెరె వస్తుంది. చనుమొన లోపలికి పోయిన తల్లుల కోసం అక్కడి డాక్టర్ నిర్మలా కేసరి, సహచరులు వాడిపారేసే రకం ప్లాస్టిక్ సిరంజిని తిరగేశారు. సూది తగిలించే కొసను కోసేసి, పిస్టన్‌ను ఆ కోసిన వైపు నుంచి ఎక్కించారు. నున్నటి అంచున్న రెండో వైపు రొమ్ముకు ఆనుతుంది. తల్లి తన చేత్తో, తనకు ఓర్చుకోగలిగినంత మేరకే పిస్టన్‌ను నెమ్మదిగా లాగుతుంది. మొన బయటికి రాగానే బిడ్డకు అందిస్తుంది. 1993లో వారు ఈ పద్ధతిని ప్రచురించారు. కొద్ది రూపాయల ఈ పనిముట్టులో గుంజు ఎంతుండాలో నిర్ణయించేది తల్లే. కోసిన గరుకు అంచు మాత్రం రొమ్ముకు తగలకూడదు. మొదటిసారి నర్సు చూపిస్తేనే చేయాలి.

మోటారూ పిస్టనూ లేని పంపు కూడా ఒకటుంది. మెడ వెడల్పున్న గాజు సీసాలో వేడినీళ్లు నింపి, కాసేపాగి పారబోసి, మూతి చల్లార్చి చనుమొన మీద ఆనిస్తారు. లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతున్న కొద్దీ పాలు సీసాలోకి దిగుతాయి. గడ్డకట్టి ముట్టుకోనివ్వని రొమ్ముకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పాఠాల్లో చెప్పే ఉపాయమిది. రబ్బరు బుడ్డి పంపును మాత్రం ఆ పాఠాలు మెచ్చుకోవు. గుంజు అదుపులో ఉండదు, బుడ్డిలోకి పోయిన పాలు కడిగినా పోవు.

ఇంట్లో ఏం చేయాలి

పంపు కన్నా ముందు చెయ్యి. మొదటి రెండు రోజుల ముర్రుపాలు చిక్కగా, కొద్దిగానే ఉంటాయి. యంత్రం కంటే చేత్తో పిండితేనే అవి బాగా దిగుతాయి. నల్లటి వలయం అంచుకు వెనగ్గా బొటనవేలు, వేళ్లు ఎదురెదురుగా పెట్టి, ఛాతీ వైపు నొక్కి, ఆపై దగ్గరికి ఒత్తాలి. చర్మం మీద వేళ్లు జార్చకూడదు. బిగిసిన రొమ్మును ఇలా కాస్త మెత్తబరిస్తే బిడ్డకు పట్టు దొరుకుతుంది.

బిడ్డ నోరు బాగా తెరిచేదాకా ఆగి, అప్పుడు బిడ్డనే రొమ్ము దగ్గరికి తేవాలి. గడ్డం రొమ్మును తాకాలి, కింది పెదవి బయటికి మడతపడాలి. పట్టు సరిగా లేకపోతే గుంజి విడిపించకుండా, నోటి మూలలో శుభ్రమైన చిటికెనవేలు పెట్టి గాలి దూరనివ్వాలి. అప్పుడు మళ్లీ పట్టించాలి.

పిండిన పాలను ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. మన దేశంలో పసికందుల వార్డుల్లోనూ ఇలాంటి ముక్కు గిన్నెలే వాడతారు. మామూలు గది వేడిలో పాలు నాలుగు గంటల దాకా ఆగుతాయంటారు. నలభై డిగ్రీలు దాటే నంద్యాల వేసవిలో ఆ లెక్క పెట్టుకోకుండా వెంటనే పట్టేయాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి.

జ్వరం, రొమ్ములో ఎర్రగా కాలుతున్న చోటు, ఐదో రోజు దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్ల కన్నా తక్కువ మూత్రం పోయడం, బరువు పెరగకపోవడం కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లాలి. బిడ్డ నాలుక కింద పొర బిగుతుగా ఉందేమో కూడా చూపించుకోవాలి.

కేంద్ర ప్రభుత్వం 2017లో విడుదల చేసిన మార్గదర్శకాలు వైద్య కళాశాలల స్థాయిలో తల్లిపాల నిల్వతో కూడిన పెద్ద కేంద్రాలు, కాన్పులు జరిగే చిన్న ఆసుపత్రుల్లో తల్లులకు పాలు పట్టడం నేర్పే విభాగాలు ఉండాలని చెప్పాయి. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. నంద్యాలలో కాన్పయినా, ఆళ్లగడ్డలో కాన్పయినా ఇంటివాళ్లు చూసుకోవాల్సింది ఒకటుంది. డిశ్చార్జి చీటీ అందుకోకముందే నర్సును పక్కన నిలబెట్టుకుని తల్లి ఒక పూట పాలిచ్చి చూపాలి, నొప్పి ఉంటే అక్కడే నోరు విప్పి చెప్పాలి. పట్టు అక్కడే కుదిరితే మందుల షాపుకు పరుగెత్తే పని చాలా ఇళ్లలో తప్పుతుంది.