షుగరు బయటపడిన తొలి నెలలు

రెండో రకం మధుమేహం రిపోర్టు చేతికొచ్చిన రోజున మొదలయ్యే జబ్బు కాదు. కండరాలకు, కాలేయానికి ఇన్సులిన్ సరిగా పట్టకపోవడంతో క్లోమం ఏళ్ల తరబడి దాన్ని ఎక్కువగా తయారుచేస్తుంది. చివరికి అదీ చాలనప్పుడు రక్తంలో గ్లూకోజు పెరుగుతుంది. పరగడుపున డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు, లేదా హెచ్‌బీఏ1సీ 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహం కిందే లెక్క. లక్షణాలేవీ లేనివారికి మరో పరీక్షతో ఖాయం చేస్తారు. ఎర్ర రక్తకణంలోని హిమోగ్లోబిన్‌కు అంటిన గ్లూకోజునే హెచ్‌బీఏ1సీ కొలుస్తుంది. ఆ కణం ఆయుష్షు సుమారు 120 రోజులు కనుక అది మూడు నెలల సంగతి చెబుతుంది. పరీక్షకు ముందు రెండు రోజులు నోరు కట్టుకుంటే అది తగ్గదు.

జబ్బు ఎప్పటినుంచో ఉండి ఉంటుంది కాబట్టి కంటి రెటీనా, మూత్రంలో ఆల్బుమిన్, పాదాల స్పర్శ పరీక్షలు షుగరు తేలిన వెంటనే చేయించాలి. చూపు బాగానే ఉందని వాయిదా వేయడం పొరపాటు. రెటీనా దెబ్బతింటున్నా చాలాకాలం చూపు మామూలుగానే ఉంటుంది.

కృష్ణా డెల్టాలో అసలు చిక్కు అన్నంతోనే. బాపట్లలో రూపొందిన వరి రకం బీపీటీ 5204, అంటే సాంబమసూరి, 1986 నుంచి ఇక్కడి కంచాల్లో పాతుకుపోయింది. చెంచా చక్కెర అయిదు గ్రాములు. వంద గ్రాముల వండిన తెల్లన్నంలో పిండిపదార్థం సుమారు 28 గ్రాములు. కాఫీలో చక్కెర మానేసి అన్నం యథావిధిగా తినేవారికి షుగరు ఎందుకు దిగదో ఈ లెక్కే చెబుతుంది. రాత్రి అన్నం మాని నాలుగు చపాతీలు తిన్నా, మెత్తగా కాచిన రాగిజావ గ్లాసులకొద్దీ తాగినా పెద్ద తేడా ఉండదు. తక్కువ గ్లైసీమిక్ సూచిక ఉన్న ఆర్ఎన్ఆర్ 15048 లాంటి బియ్యం కొంత మేలు, అదీ కొలతగా తింటేనే. ముందు కూర, పప్పు తిని, తర్వాత కొద్దిగా అన్నం కలుపుకుంటే గ్లూకోజు ఒక్కసారిగా ఎగబాకదు. పొద్దున ఇడ్లీకన్నా పెసరట్టు నయం, లోపల ఉప్మా పెట్టించుకోకపోతే.

పనిచేసే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజును లాక్కుంటుంది. అందుకే భోజనమయ్యాక పది పదిహేను నిమిషాల నడకకు అంత విలువ. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర హైవే వాహనాల మధ్య అది కుదిరే పని కాదు. అక్కడివారికి మేడమీద నడిచినా చాలు.

మందుల్లో సాధారణంగా మొదటిది మెట్‌ఫార్మిన్. తొలి వారాల్లో కడుపులో తిప్పినా, విరేచనాలైనా, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి అన్నంతోపాటు వేసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. మరో మందు గ్లిమెపిరైడ్ సంగతి వేరు. అది వేసుకుని కార్తీక ఉపవాసం ఉంటే గ్లూకోజు 70 కన్నా కిందికి దిగిపోవచ్చు. చెమటలు, వణుకు వస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. ఇక పాదాల విషయానికొస్తే, దీక్షలో చెప్పులు వదిలేసేవారు, ఎండాకాలం ఇంద్రకీలాద్రి మెట్లెక్కేవారు రోజూ అరికాళ్లు చూసుకోవాలి. స్పర్శ తగ్గిన కాలికి బొబ్బ లేచినా తెలియదు.

బరువు ఎక్కువున్నవారికి మందుల్లేకుండా షుగరును అదుపులోకి తెచ్చుకునే అవకాశం తొలి ఏళ్లలోనే ఎక్కువ. 2017లో ఫలితాలు వెలువడిన బ్రిటన్‌లోని డైరెక్ట్ అధ్యయనంలో, జబ్బు తేలి ఆరేళ్లు దాటనివారికి వైద్య పర్యవేక్షణలో బరువు తగ్గిస్తే, ఏడాదికల్లా 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. రెండేళ్లకు ఆ సంఖ్య 36 శాతానికి తగ్గింది. అదుపులోకి వచ్చినవారికీ ఏటా పరీక్షలు తప్పవు.