కాలు విఱిగిన గుఱ్ఱము: ఒక చిత్రమును గూర్చిన అభిప్రాయములు

మన నాందేడ్ జిల్లాలో, లోహా తాలూకాయందు, మాళేగావ్ అను గ్రామము కలదు. ఏటేట మార్గశిర మాసమున నచట ఖండోబా జాతర జరుగును. మహారాష్ట్రులు ఖండోబా యని కొలుచు దేవుని తెలుగువారు మల్లన్న యందురు. ఏ పేర పిలిచినను ఆయన వాహనము గుఱ్ఱమే. అందువలననే కాబోలు, ఆ జాతరలోని గుఱ్ఱముల సంతకు అంత పేరు వచ్చినది. సంతలో అనుభవజ్ఞుడైనవాడు గుఱ్ఱము మొగమును చూచి మురిసిపోడు. డెక్క యెత్తి చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. కుంటు గుఱ్ఱమునకు అక్కడ వెల లేదు.

ఈ సంగతి నెఱిగిన మన పిల్లలు 2005వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన ‘డ్రీమర్’ అను చిత్రమును చూచినచో వారికి సందేహములు కలుగక మానవు. జాన్ గాటిన్స్ దర్శకత్వమున వచ్చిన ఆ చిత్రకథ యిట్టిది. సోన్యా యని ముద్దుగా పిలువబడు ఒక పందెపు గుఱ్ఱము పరుగున కాలు విఱిగి పడిపోవును. అట్టిదానిని చంపివేయుట పందెపు మైదానములలో వాడుక. దానిని సాకు శిక్షకుడు, తన చిన్నారి కూతురు చూచుచుండగా అందులకు ఒప్పుకొనలేక, తనకు రావలసిన సొమ్ములో కొంత వదలుకొని ఆ గుఱ్ఱమును ఇంటికి తెచ్చుకొనును. ఉద్యోగము పోవును. గుఱ్ఱము కోలుకొనును. తుదకు గొప్ప పందెములో గెలుచును.

చిత్రమును చూచినవారి మాటలు ఒక్క తీరున లేవు. పిల్లలును, పిల్లలతో గూడ చూచిన తల్లిదండ్రులును మెచ్చుకొనిరి. విమర్శకులలో పలువురు కథ ముందే తెలిసిపోవుచున్నదనిరి. ఆ మాట నిజమే. మొదటి అరగంటలోనే ముగింపు తెలియును. అయినను మనము హరికథకు పోవునపుడు సీతమ్మ దొరకునో లేదో యని పోవుచున్నామా? ఈ ఆక్షేపణను మేమంతగా పట్టించుకొనము. ఆలోచింపవలసినది మఱియొకటి కలదు: ‘కాలు విఱిగిన గుఱ్ఱము బ్రతుకునా? ఇది పిల్లలను మభ్యపెట్టుట కాదా?’ అనునది.

మనిషి కాలు విఱిగినచో కట్టు కట్టి మంచముపై పరుండబెట్టుదురు. గుఱ్ఱమునకు అది చెల్లదు. నాలుగైదు వందల కిలోల శరీరమది. అందు సగముకన్న నెక్కువ బరువు ముందుకాళ్ళపైననే యుండును. దినముల తరబడి పండుకొన్నచో ఊపిరితిత్తులును, నేలకానిన కండరములును చెడిపోవును. కావున నది నిలిచియే యుండవలెను. మోకాటికి క్రిందుగా దానికి కండ లేదు. ఎముక, నరముల వంటి గట్టి త్రాళ్ళు, పైన చర్మము, అంతే. పరుగువేగమున విఱిగిన యెముక తునకలై చర్మమును చీల్చుకొని వచ్చుట కలదు. ఇంతకన్న పెద్ద గండము వేఱొకటి. విఱిగిన కాలిని ఆనింపలేక గుఱ్ఱము తన బరువంతయు ఎదుటి కాలిపై మోపును. దినములు గడచిన కొలది ఆ మంచి కాలి డెక్కకు లోపల నెత్తురు సరిగా ఆడక, డెక్కను ఎముకకు పట్టియుంచు పొర వాచి ఊడిపోవును. విఱిగిన కాలు అతుకుకొన్నను, విఱుగని కాలు ప్రాణము తీయును.

2006 మే నెలలో బార్బరో అను గుఱ్ఱమునకు ఇట్లే జరిగినది. అంతకు రెండు వారముల క్రితమే అది కెంటకీ డెర్బీ గెలిచియుండెను. పందెములో కుడి వెనుకకాలు ఇరువదికి పైగా తునకలైనది. వైద్యులు లోహపు పలకను 27 మరలతో బిగించిరి. మత్తునుండి మేల్కొనునపుడు కాళ్ళు తన్నుకొని మరల విఱుగగొట్టుకొనకుండ నీటితొట్టెలో తేలునట్లు ఉంచిరి. ఎనిమిది నెలలు పోరాడిరి. విఱిగిన కాలు చాలవఱకు కుదిరినది గాని, ఎడమ వెనుక డెక్క చెడినది. 2007 జనవరి 29న దానిని శాశ్వతముగ నిద్రపుచ్చవలసి వచ్చెను.

అట్లైన చిత్రము అబద్ధమా? కాదు. దానికి ఆధారము మరియాస్ స్టార్మ్ అను నిజమైన ఆడుగుఱ్ఱము. 1993లో పందెమున దాని ముందుకాలి ఎముక విఱిగినది. చికిత్స పొంది అది మరల పరుగెత్తి, 1994, 1995 సంవత్సరములలో పందెములు గెలిచినది. చిత్రములోని కుటుంబము మాత్రము కల్పితము. చిత్రములో గెలిచినట్టి మహాపందెమును అసలు గుఱ్ఱము గెలువలేదు. ఇంకొక విచిత్రము: చిత్రములోని సోన్యాకు పిల్లలు పుట్టరని వైద్యుడు చెప్పును; అసలు గుఱ్ఱమునకు పేరు తెచ్చినది దాని పిల్లయే. 1997లో పుట్టిన జెయింట్స్ కాజ్‌వే 2000 సంవత్సరమున ఇంగ్లండు, ఐర్లండులలో ఉన్నతశ్రేణి పందెములు ఐదు గెలిచినది. ఈ ముగింపు చిత్రపు ముగింపుకన్న మాకు రుచించినది.

మఱి కొందఱు తల్లిదండ్రుల మాట వేఱు: ‘ఇట్టి కథ చూచి పిల్లవాడు మన యెద్దుకు కాలు విఱిగినపుడు బ్రతికింపుమని ఏడ్చును గదా?’ అని. ఏడ్చును, ఏడ్వనిండు. తెలుగున మనుమంచి భట్టు ‘హయలక్షణవిలాసము’ను రచించినాడు, సంస్కృతమున శాలిహోత్రుని పేర అశ్వవైద్యమే వెలసినది. జంతువు రోగమును గమనించి చూచుట మన పెద్దలకు పరువు తక్కువ కాలేదు. చిత్రములో మాకు నచ్చినది పందెము గాదు. ఆ బాలిక రాత్రివేళ కొట్టములోనికి పోయి గుఱ్ఱమునకు పుల్ల ఐసు తినిపించు ఘట్టము. దానివలన ఎముక అతుకుకొనదు. కాని గుఱ్ఱము బెదరక నిలుచును, నిలిచినచో వైద్యుడు పని చేయగలడు.

మన పిల్లలు తెలిసికొనవలసినది ఇంతే. బాటలో గుఱ్ఱము గాని ఎద్దు గాని కాలు వ్రేలాడవేసి నిలిచినచో దానిని అదలించి నడిపింపరాదు. ఒక్క అడుగు చాలు, లోపలి ఎముక బయటికి వచ్చుటకు. చుట్టును గుంపు కూడనీయక, తెలిసినవారొకరు తలవద్ద నిలిచి మెల్లగా మాటాడుచుండవలెను. తక్కినవారు పశువైద్యుని పిలువవలెను. నొప్పితో నున్న జంతువు ఎంత మచ్చికదైనను తన్నును గనుక పిల్లలు వెనుక కాళ్ళవైపు పోరాదు. వైద్యుడు చూచి ‘ఇక లాభము లేదు’ అన్నచో పిల్లలకు ఆ మాటనే చెప్పవలెను. రాత్రికి రాత్రి అమ్మివేసి ‘ఊరికి పోయినది’ అనరాదు.