కాంట్రా సెల్సమ్

కాంట్రా సెల్సమ్ (సెల్సస్‌కు ప్రత్యుత్తరం) క్రీ.శ. 248 ప్రాంతంలో ఓరిజెన్ అనే క్రైస్తవ పండితుడు గ్రీకు భాషలో రచించిన ఎనిమిది సంపుటాల గ్రంథం. క్రైస్తవ మతంపై సెల్సస్ అనే తత్వవేత్త చేసిన ఆక్షేపణలకు ఇందులో వరుసగా సమాధానాలున్నాయి. విశ్వాసాన్ని తర్కంతో సమర్థించే ఇటువంటి రచనలను అపాలజీ అంటారు. న్యాయస్థానంలో ప్రతివాది చెప్పుకొనే సమాధానమని ఆ గ్రీకు పదానికి మూలార్థం.

నేపథ్యం

సెల్సస్ ప్లేటో తత్వాన్ని అనుసరించినవాడు. ఇతడు క్రీ.శ. 180 ప్రాంతంలో "సత్య వాక్కు" అనే విమర్శ గ్రంథాన్ని వ్రాశాడు. ఓరిజెన్ అలెగ్జాండ్రియాలో క్రీ.శ. 185 ప్రాంతంలో జన్మించాడు. బాల్యం దాటుతున్న వయసులోనే ఈయన తండ్రి లియోనిడెస్ మతహింసకు బలి అయ్యాడు. తరువాతి కాలంలో పాలస్తీనాలోని కైసరయలో బోధకుడుగా ఉండగా, తన పోషకుడైన ఆంబ్రోస్ కోరికపై ఈ ప్రత్యుత్తరం రచించాడు. అప్పటికి సెల్సస్ గ్రంథం వెలువడి సుమారు 70 ఏళ్లు గడిచాయి. అబద్ధ సాక్షుల ఎదుట యేసు మౌనంగా ఉన్నాడనీ, శిష్యుల జీవితమే ఆయన తరఫున తగిన సమాధానమనీ, అయినా విశ్వాసంలో బలహీనులైన వారి కొరకు వ్రాస్తున్నాననీ పీఠికలో చెప్పుకొన్నాడు.

ఆక్షేపణలు, సమాధానాలు

క్రైస్తవులు పరీక్షింపక నమ్మమంటారనీ, చర్మకారులు, చాకలివారు మొదలైన చదువులేని వారినే ఆకర్షిస్తారనీ సెల్సస్ ఎత్తిపొడిచాడు. విచారణతో కూడిన విశ్వాసమే మేలని ఓరిజెన్ అంగీకరించాడు. కాని జీవనభారంతో తత్వవిచారానికి తీరిక లేని జనులు నమ్మి సన్మార్గంలో నడవడం మంచిదా, లేక తీరిక దొరికే వరకు దుర్మార్గంలోనే ఉండడం మంచిదా అని ఎదురు ప్రశ్న వేశాడు. విత్తనం చల్లే రైతు, ఓడ ఎక్కే యాత్రికుడు నమ్మకంతోనే పని మొదలుపెడతారు. తత్వశాస్త్ర విద్యార్థి కూడా అన్ని సిద్ధాంతాలనూ పరీక్షించిన తరువాత గురువును ఎన్నుకోడు. గ్రంథమంతటిలో బలమైన వాదం బహుశా ఇదే.

పునరుత్థానుడైన యేసు తనను శిక్షించిన వారికి ఎందుకు కనిపించలేదన్నది మరొక ప్రశ్న. ఆ దర్శనాన్ని భరించే శక్తి అందరికీ లేదని ఓరిజెన్ సమాధానం. ఇది సందేహించేవాని నోరు మూయించగల సమాధానం కాదు. దీనికంటె, కట్టుకథ కొరకు శిష్యులు ప్రాణాలకు తెగించరనీ, కల్పించేవారైతే పేతురు తన గురువును ఎరుగనని బొంకిన ఉదంతాన్ని సువార్తలలో చేర్చరనీ ఈయన చూపిన హేతువులు గట్టివి. సువార్తల పాఠాన్ని విశ్వాసులే మార్చుకొన్నారన్న ఆరోపణకు, అట్లు చేసినవారు మార్సియన్, వాలెంటినస్ వంటివారి అనుచరులేనని బదులిచ్చాడు.

సూర్యుడు పుట్టకముందే దినాలు ఎట్లు గడిచాయని ఆదికాండముపై సెల్సస్ వేసిన ప్రశ్న విశేషమైనది. ఎందుకనగా ఇదే ప్రశ్నను ఓరిజెన్ తన "ప్రథమ సూత్రాలు" గ్రంథంలో అంతకు ముందే తానుగా లేవనెత్తాడు. అక్షరార్థం పొసగని చోట పాఠకుడు గూఢార్థాన్ని వెదకవలెనని ఈయన సిద్ధాంతం.

అందరూ క్రైస్తవులవలె సైన్యానికి దూరమైతే రాజ్యం అనాగరికుల పాలవుతుందని సెల్సస్ హెచ్చరించాడు. పూజారులకు యుద్ధం నుండి మినహాయింపు ఉన్నట్లే క్రైస్తవులు ప్రార్థనతో చక్రవర్తికి తోడ్పడతారని ఓరిజెన్ వాదించాడు. తరువాతి శతాబ్దంలో చక్రవర్తులే క్రైస్తవులు కావడంతో ఈ వాదం ఆచరణలో నిలువలేదు.

దైవనామాల మహిమను చర్చిస్తూ ఓరిజెన్ మొదటి సంపుటంలో భారతదేశపు బ్రాహ్మణులను, శ్రమణులను కూడా ప్రస్తావించాడు.

ప్రతివాది మాటలు

"సత్య వాక్కు" మూలప్రతి నేడు ఎక్కడా లభించదు. ఓరిజెన్ మొదట ముఖ్యాంశాలను మాత్రమే గుర్తించి సమాధానమివ్వదలచాడు. పని సాగుతుండగా పద్ధతి మార్చి, ప్రతివాది వాక్యాలను ఉదాహరించి, వాటి క్రిందనే తన సమాధానాన్ని వ్రాయసాగాడు. అందువలన సెల్సస్ రచనలో అధిక భాగాన్ని పండితులు ఈ గ్రంథం నుండే పునర్నిర్మించగలిగారు. ఆక్షేపణను దాచకుండా, ఎదుటివాని మాటల్లోనే వినిపించి సమాధానం చెప్పడం ఆనాటి వాదాలలో అరుదైన నిజాయితీ.

అనంతర చరిత్ర

క్రీ.శ. 250లో డెసియస్ చక్రవర్తి కాలపు హింసలో ఓరిజెన్ చెరసాలలో చిత్రవధకు గురై, కొద్ది సంవత్సరాలకే మరణించాడు. 6వ శతాబ్దంలో చర్చి ఈయన బోధనలను ఖండించింది. ఈయన రచనలలో చాలా భాగం నశించింది. ఈ గ్రంథం మాత్రం మూలభాషలో పూర్తిగా నిలిచింది. దీని ప్రధాన వ్రాతప్రతి వాటికన్ గ్రంథాలయంలో ఉన్న 13వ శతాబ్దపు ప్రతి. 1941లో ఈజిప్టులో కైరో సమీపాన టూరా వద్ద దొరికిన పపైరస్ ప్రతులలోనూ దీని భాగాలున్నాయి. హెన్రీ చాడ్విక్ చేసిన ఆంగ్లానువాదం 1953లో వెలువడింది.